వేటగాడి వయసెంత?

1972లో 'బడిపంతులు' సినిమా వచ్చింది. అందులో ఎన్టీ రామారావుగారు నెరిసిన జుట్టుతో ముసలి మాస్టారు. భార్యగా అంజలీదేవి. వాళ్ళకి ముద్దుముద్దు మాటల మనవరాలు ఒకత్తి ఉంటుంది. ఆ పిల్ల పేరు శ్రీదేవి. ఏడేళ్ళు తిరిగేసరికి, 1979 జులైలో, 'వేటగాడు' వచ్చింది. రామారావుగారు హీరో, శ్రీదేవి హీరోయిన్. మనవరాలికి పదహారో ఏడు నడుస్తోంది. తాతగారికి మాత్రం వయసు తగ్గిపోయింది.

ఆ సినిమా నేను హాల్లో చూశాను. మాలో ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. ఈలలు వేశాం, కాగితాలు చింపి ఎగరేశాం, వీలైతే మర్నాడు మళ్ళీ వెళ్ళాం. లెక్కలు కట్టుకున్నవాడు ఒక్కడూ లేడు. ఇప్పుడు తీరిక దొరికింది కాబట్టి కడుతున్నాను. 1923 మే 28న పుట్టిన మనిషికి 1979 జులై నాటికి యాభై ఆరు నిండాయి. 2018 ఫిబ్రవరిలో దుబాయిలో శ్రీదేవి పోయినప్పుడు ఆవిడకి యాభై నాలుగే. ఆవిడ బతికిన మొత్తం కాలం కన్నా 'వేటగాడు' నాటి కుర్ర హీరో వయసే ఎక్కువన్నమాట.

రామారావుగారిని తప్పుపట్టడానికి ఈ లెక్క చెప్పలేదు. 'బడిపంతులు' కూడా ఆడింది. ఆ ముసలి మాస్టారి కష్టాలకు జనం కన్నీళ్ళు పెట్టుకున్నారు. నలభై తొమ్మిదేళ్ళకే తాత వేషం కట్టగలిగిన నటుడు యాభై ఆరేళ్ళకి చెట్ల వెంట ఎందుకు పరిగెత్తాడంటే, పరిగెత్తమని మేం అడిగాం కాబట్టి. టిక్కెట్టు కొనడమంటే అడగడమే.

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ కొండల మీద ముసలితనం అందరి ఇళ్ళలోకీ వచ్చినట్టు రాదు. గేటు దగ్గర దాన్ని ఆపేస్తారు. ఆపేది ఇంట్లోవాళ్ళే అనుకుంటాం. విగ్గులు, జుట్టుకి రంగులు, మేకప్ మేన్, లైటింగు సర్దే కెమెరామేన్, ఇవన్నీ చూసి అలా అనుకుంటాం. నన్నడిగితే గేటు బయట నిలబడ్డ మనమే ఎక్కువ ఆపుతాం. మన పదహారేళ్ళనీ, మన పాతికేళ్ళనీ తీసుకెళ్ళి బ్యాంకులో వేసినట్టు వాళ్ళ దగ్గర దాచుకున్నాం. వాళ్ళ ముఖం మీద ముడత కనిపిస్తే మన సొమ్ము కరిగిపోతోందని కంగారు. ఇవాళ మాట్లాడదలచుకున్నది ఆ కంగారు గురించే.

ఈ కొండలకి సినిమావాళ్ళు రావడమే ఒక వయసు కథ. మన సినిమా అప్పటికి మద్రాసులో ఉండేది. టి.నగర్, కోడంబాక్కం, వడపళని, అదే లోకం. అక్కినేని నాగేశ్వరరావుగారు అరవైల్లోనే కాపురం హైదరాబాదుకి మార్చారు. 1974లో అమెరికాలో ఆయన గుండెకి ఆపరేషన్ జరిగింది. మామూలుగా అయితే యాభై ఏళ్ళకి గుండె కోయించుకుని వచ్చినవాడు ఉప్పూ కారం తగ్గించి, వీధి అరుగు మీద కూర్చుని పేపరు చదువుకోవాలి. ఆయన బండరాళ్ళ మధ్య స్టూడియో మొదలుపెట్టారు. భార్య పేరు పెట్టారు. 1976 జనవరిలో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ వచ్చి అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభించారు. తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు లేచాయి. తొంభైలు వచ్చేసరికి మద్రాసులో మిగిలినవాళ్ళు మిగిలారు, పరిశ్రమ ఇటొచ్చేసింది. ఫిల్మ్‌నగర్‌లో ఫిల్మ్ చాంబరు, కల్చరల్ సెంటరు, దైవసన్నిధానం గుడి వెలిశాయి. కొత్త సినిమా పూజలు గుడిలో, సంతాప సభలు చాంబర్లో. రెండింటికీ మధ్య పెద్ద దూరం లేదు.

మళ్ళీ రామారావుగారి దగ్గరికి వస్తాను. వయసు విషయంలో ఆయన ఒక గట్టి ఉపాయం కనిపెట్టారు. 'సర్దార్ పాపారాయుడు', 'కొండవీటి సింహం', 'జస్టిస్ చౌదరి' వరసగా చూడండి. నెరిసిన జుట్టు తండ్రీ ఆయనే, నల్లజుట్టు కొడుకూ ఆయనే. పెద్దరికం ఒకరికిచ్చి, పాటలు ఇంకొకరికివ్వాల్సిన పని లేదు. నాకెప్పుడూ ఆ తండ్రి వేషాలే నచ్చేవి. నడకలో బరువుండేది, గొంతులో నిజం ఉండేది. కొడుకు వేషం మాత్రం మాకోసం. అలా తెరమీద ఇంటిపెద్ద అవుతూ అవుతూ ఆయన రాష్ట్రానికి పెద్ద అయ్యారు. 1982 మార్చి 29న పార్టీ పెట్టారు, 1983 జనవరిలో ముఖ్యమంత్రి. ఎన్నికల్లో ఊరూరా జనం చూసింది 'వేటగాడు' హీరోనా, 'జస్టిస్ చౌదరి' తండ్రినా? ఆ తండ్రికే ఓటేశారని నా అనుమానం.

అధికారం సంగతి విచిత్రంగా ఉంటుంది. 1984 ఆగస్టు 16న ఆయన్ని దించేశారు. జనం ఊరుకోలేదు, నెల తిరిగేసరికి సెప్టెంబర్ 16న మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టారు. 1989లో ఓడిపోయారు. ఓడి ఇంట్లో కూర్చోలేదు, 'బ్రహ్మర్షి విశ్వామిత్ర'తో మళ్ళీ తెరమీదికి వచ్చారు. అది ఆడలేదు. 1994 డిసెంబర్లో మాత్రం ఓట్లు కుమ్మరించి జనం మళ్ళీ గెలిపించారు. తొమ్మిది నెలలు కాకముందే, 1995 ఆగస్టులో, సొంత పార్టీ ఎమ్మెల్యేలు విడిపోయారు. సెప్టెంబర్ 1న అల్లుడు చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఈసారి 1984 నాటి జనం వీధుల్లోకి రాలేదు. రాజకీయంగా ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అనే చర్చకి రేడియోలో చోటు లేదు, నాకు ఓపికా లేదు. నాకు పట్టేది ఒక్కటే. అరవై ఒక్క ఏళ్ళకి పోయిన కుర్చీ కోసం మనం పరిగెత్తుకొచ్చాం. డెబ్భై రెండేళ్ళకి పోయినప్పుడు టీ తాగుతూ వార్తలు విన్నాం. 1996 జనవరి 18న బంజారాహిల్స్ ఇంట్లో ఆయన పోయారు. అప్పుడు మాత్రం దారులు పట్టనంతమంది వచ్చారు.

శోభన్‌బాబు దీనికి పూర్తిగా వేరే దారి. ఆయన మద్రాసు వదిలి రానేలేదు. 1996లో 'హలో గురూ'తో ఆపేశారు. అప్పటికి ఆయనకి అరవై కూడా లేవు. ఆ తర్వాత తండ్రి వేషం, తాత వేషం ఊసే లేదు. సభలకు రావడం తగ్గించి, పొలాలూ స్థలాలూ చూసుకుంటూ గడిపారు. 2008 మార్చిలో పోయారు. మన అమ్మల తరం ఆడవాళ్ళ మనసులో ఇవాళ్టికీ ఆయన నుదుటి మీద ఆ జుట్టు రింగు అలాగే ఉంది. మనం దాచుకున్నది పైసాతో సహా తిరిగి ఇచ్చేసినవాడు ఆయనొక్కడే. ఆయన తెలివికి దండం పెట్టాలి. కానీ ఒక మాట అనకుండా ఉండలేను. అరవై నుంచి డెబ్భై దాకా శోభన్‌బాబు ముఖం ఎలా ఉండేదో, ఆ గొంతుతో ఒక తాత పాత్ర ఎలా పలికేదో మనకెప్పటికీ తెలియదు. నటుడిగా అది ఆయనకీ నష్టమే, మనకీ నష్టమే.

వయసుని దాచకుండా బతికినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. చిన్నప్పుడే ముసలివాళ్ళైపోయినవాళ్ళు! గుమ్మడి వెంకటేశ్వరరావుగారు 1927లో పుట్టారు. రామారావుగారి కన్నా నాలుగేళ్ళు చిన్న, నాగేశ్వరరావుగారి కన్నా మూడేళ్ళు చిన్న. 1957లో 'మాయాబజార్' వచ్చినప్పుడు గుమ్మడిగారికి ముప్ఫై నిండలేదు. అందులో ఆయన బలరాముడు. రామారావు కృష్ణుడికి అన్నగారు, సావిత్రి శశిరేఖకి తండ్రి, నాగేశ్వరరావు అభిమన్యుడికి కాబోయే మామగారు. అప్పట్నించి ఎన్ని సినిమాల్లో తనకన్నా పెద్దవాళ్ళని "బాబూ" అని పిలిచారో లెక్కలేదు. 1962లో 'మహామంత్రి తిమ్మరుసు' అయితే ఆయన పాత్ర పేరుమీదే నడిచింది. రాయలు రామారావు, అప్పాజీ గుమ్మడి. ముసలి వేషాలేసే మనిషికి ముసలితనం అంటే భయం ఉండదేమో. ముప్ఫై ఏళ్ళు రిహార్సలు వేసిన పాత్రే కదా చివరికి వచ్చేది. 'మాయాబజార్'కి రంగులద్ది 2010 జనవరిలో విడుదల చేసేముందు ప్రత్యేక ప్రదర్శనకి ఎనభై రెండేళ్ళ గుమ్మడిగారు వెళ్ళారు. ఆ తరంలో అది చూడగలిగే అదృష్టం తనకే దక్కిందని సంతోషపడ్డారు. ఆ కొద్దిరోజులకే, జనవరి 26న పోయారు. సినిమా హాళ్ళలోకి వచ్చింది నాలుగు రోజుల తర్వాత.

ఆడవాళ్ళ సంగతి వేరు. హీరోకి యాభై ఆరు వస్తే పాటలు పెరుగుతాయి, హీరోయిన్‌కి ముప్ఫై వస్తే వదిన వేషం వస్తుంది. ఇందులో రహస్యం ఏమీ లేదు, అందరం ఒప్పుకుని చూసిన అన్యాయమే. నిర్మలమ్మగారిని బామ్మగా తప్ప ఎవరైనా ఊహించుకోగలరా? దాన్ని ఎదిరించి తమ దారి తాము వేసుకున్నవాళ్ళు కొందరే. భానుమతిగారు 1984లో 'మంగమ్మగారి మనవడు'లో బామ్మ వేషం వేస్తే సినిమా పేరులో ముందు ఆవిడే వచ్చింది, మనవడు తర్వాత. విజయనిర్మలగారు హీరోయిన్‌గా ఉండగానే కెమెరా వెనక్కి వెళ్ళారు. నలభైకి పైగా సినిమాలకి దర్శకత్వం వహించి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. జమునగారు 1989లో రాజమండ్రి నుంచి గెలిచి పార్లమెంటుకి వెళ్ళారు. తెరమీది సత్యభామ కదా, ఎక్కడున్నా నెగ్గుకొస్తుంది లెండి. శ్రీదేవి పదిహేనేళ్ళు సినిమాలకి దూరంగా ఉండి, 2012లో 'ఇంగ్లిష్ వింగ్లిష్'లో పిల్లల తల్లిగా తిరిగొచ్చింది. ముసలితనాన్ని ఎలా నటిస్తుందో చూడనివ్వకుండానే వెళ్ళిపోయింది.

ఇక ఫిల్మ్‌నగర్ రాజకీయం. ఇక్కడ బలం ఎంతో ప్రతి శుక్రవారం తేలుతుంది. మొదటి ఆట అయ్యేసరికి ఎవరి ఫోను మోగుతుందో, ఎవరిది మోగదో తెలిసిపోతుంది. కాల్షీట్ల కోసం నిర్మాతలు ఇంటిముందు కార్లు పెట్టుకుని కూర్చున్నన్నాళ్ళూ హీరో రాజు. తర్వాత వాచ్‌మేన్‌కి పని తగ్గుతుంది. కానీ శుక్రవారంతో పనిలేని బలం ఒకటి ఇక్కడే ఉండేది. అది దాసరి నారాయణరావుగారిది. నూట యాభైకి పైగా సినిమాలు తీశారు, పేపరు నడిపారు, కేంద్రంలో బొగ్గు శాఖ సహాయ మంత్రి అయ్యారు. చివరి పదేళ్ళలో చెప్పుకోదగ్గ హిట్టు లేదు. అయినా సినిమా ఆగిపోయిందన్న చిన్న నిర్మాత, డబ్బు ఎగ్గొట్టారన్న ఆర్టిస్టు, థియేటర్లు దొరకలేదన్న పంపిణీదారు ఆయన ఇంటికే వెళ్ళేవారు. ఆయన వినేవారు, తిట్టేవారు, ఫోను చేసేవారు. ఇరవై నాలుగు శాఖల కార్మికులు ఆయన్ని పెద్ద దిక్కు అనుకునేవారు. 2017 మే 30న ఆయన పోయాక చాంబరు ఆవరణలో విగ్రహం పెట్టారు. విగ్రహానికి పంచాయితీలు చెప్పుకోలేం కదా.

ఆ కుర్చీ ఖాళీ అయ్యాక అందరూ చిరంజీవిగారి వైపు చూశారు. కరోనా వచ్చి షూటింగులు ఆగిపోయినప్పుడు కార్మికుల ఇళ్ళకి సరుకులు పంపే ఏర్పాటు ఆయన ముందుండి నడిపించారు. అయినా 2022 జనవరి మొదట్లో, ఇండస్ట్రీ పెద్ద అనే హోదా తనకొద్దని, ఇద్దరు కొట్టుకుంటుంటే తగవు తీర్చే పని తాను చేయనని, అవసరమైనప్పుడు బాధ్యతగల బిడ్డగా ముందుకొస్తానని కార్మికుల ముందే చెప్పేశారు. నాకు ఆ మాట నచ్చింది. పార్టీ పెట్టి, పద్దెనిమిది సీట్లు గెలిచి, కాంగ్రెస్‌లో కలిపి, కేంద్రమంత్రి అయి, అవన్నీ చూసి 2017లో 'ఖైదీ నంబర్ 150'తో మళ్ళీ డాన్సు వేసిన మనిషికి కుర్చీ బరువెంతో తెలుసు. నెలరోజుల తర్వాత, ఫిబ్రవరి 10న, టిక్కెట్ల ధరల గొడవలో ఆయనే మహేశ్‌బాబునీ, ప్రభాస్‌నీ, రాజమౌళినీ వెంటబెట్టుకుని తాడేపల్లి వెళ్ళారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ముందు చేతులు జోడించి అడగడం అందరం టీవీలో చూశాం. అభిమానులు మండిపడ్డారు. తెరమీద వందమందిని కొట్టినవాడు చేతులు జోడించడమేమిటని వాళ్ళ బాధ. అరవై ఆరేళ్ళ మనిషి నలుగురి కూటికోసం దండం పెడితే అందులో తక్కువతనం ఏముందో నాకర్థం కాలేదు. పెద్దరికం వద్దన్నవాడు ఆరోజు చేసింది పెద్దరికమే.

మధ్యలో ఒక్క చిన్నమాట. 2021 అక్టోబర్ 10న జూబ్లీహిల్స్ పబ్లిక్ స్కూల్లో 'మా', అంటే సినిమా నటుల సంఘం, ఎన్నికలు జరిగాయి. ఓటర్లు వెయ్యిమంది లేరు. రాష్ట్రం మొత్తం పొద్దున్నించి టీవీలకి అతుక్కుపోయింది. మా కాలనీ సంఘం ఎన్నికలకి కూడా ఓటర్లు దాదాపు అంతే, కెమెరా ఒక్కటీ రాదు. 'మా' 1993లో పుట్టింది. ముసలి ఆర్టిస్టులకి నెలనెలా పింఛను ఇచ్చే పని కూడా చేస్తుంది. ఆ సందడంతా అయ్యాక ఆ పింఛను గురించి అడిగిన చానెల్ ఏదీ నాకు కనబడలేదు.

పింఛను అన్నాను కాబట్టి కొండ దిగాలి. జూబ్లీహిల్స్ దిగితే యూసుఫ్‌గూడ, కృష్ణానగర్. తెల్లవారుజామున టీ కొట్ల దగ్గర జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌బాయ్‌లు, డ్రైవర్లు, ఒక్క ఛాన్సు కోసం వచ్చిన కుర్రాళ్ళు. పైన కొండమీద ముసలితనం గేటు దగ్గర ఆగుతుంది. ఇక్కడ దానికి గేటే లేదు. పెళ్ళి సీను గుంపులో నిలబడే మనిషికి అరవై వస్తే పెళ్ళిపెద్దల వరసలోకి మారతాడు, రోజు కూలీ అంతే ఉంటుంది. మోకాళ్ళు నొప్పులొస్తే ఆ వరసలోనూ ఉండడు. డాక్టరు చదువు చదివి నటుడైన ఎం. ప్రభాకర్‌రెడ్డిగారు సినీకార్మికులకి సొంత ఇళ్ళు ఉండాలని తపించారు. మణికొండలో చిత్రపురి కాలనీకి అందుకే ఆయన పేరు పెట్టారు. ఆయన సినిమాలు మర్చిపోయినవాళ్ళు కూడా ఆ పేరు రోజూ అడ్రసులో రాసుకుంటున్నారు.

పేరున్నవాళ్ళకి కూడా కొండ దిగడం తప్పలేదు. కోదాడ దగ్గర గుడిబండ నుంచి వెళ్ళిన కాంతారావుగారు కత్తి పట్టుకుంటే పల్లెటూళ్ళలో పిల్లలందరూ చెరకుగడలతో యుద్ధాలు చేశారు. రామారావు, నాగేశ్వరరావు రెండు కళ్ళయితే మధ్యన తిలకం ఈయన అనేవారు. సొంత సినిమాలు తీసి ఆస్తి పోగొట్టుకున్నారు. ముసలితనంలో చిన్నచిన్న వేషాలేస్తూ, సీరియళ్ళలో నటిస్తూ, 2009 మార్చిలో హైదరాబాదులోనే పోయారు. ఆయన పోయినరోజు పత్రికలన్నీ ఆ కత్తి ఫొటోయే వేశాయి. ముసలి కాంతారావు ముఖం ఎవరికీ అక్కర్లేకపోయింది.

2022 చివర్లో వచ్చిన చలికాలం ఈ కొండలకి మంచిది కాదు. అది రాకముందే సెప్టెంబర్‌లో కృష్ణంరాజుగారు పోయారు, తర్వాత నవంబర్ 15న కృష్ణగారు, డిసెంబర్ 23న ఫిల్మ్‌నగర్ ఇంట్లో కైకాల సత్యనారాయణగారు, వెంటనే చలపతిరావుగారు, జనవరి 27న జమునగారు, ఫిబ్రవరి 2న విశ్వనాథ్‌గారు. 'శంకరాభరణం' విడుదలైంది కూడా 1980 ఫిబ్రవరి 2నే. పేపర్లవాళ్ళు దాన్ని పెద్దగా రాశారు, రాయకుండా ఎలా ఉంటారు. మహాప్రస్థానం శ్మశానవాటిక పేరు ఆ కొద్దినెలల్లో రాష్ట్రమంతా తెలిసిపోయింది.

అదే చలికాలంలో, జనవరి 14న, ఇస్తాంబుల్‌లో ఇంకొకాయన పోయారు. ముకరం జా. 1967లో తాతగారు ఉస్మాన్ అలీఖాన్ పోయాక ఎనిమిదో నిజాం అని పేరొచ్చిన మనిషి. రాజ్యం అప్పటికే లేదు. ఆస్ట్రేలియా వెళ్ళి గొర్రెల పెంపకం పెట్టుకున్నారు, తర్వాత టర్కీలో ఉండిపోయారు. శవాన్ని తెచ్చి మక్కామసీదులో పూర్వీకుల పక్కన పూడ్చారు. ఆయన చిరాన్ ప్యాలెస్ ఇప్పుడు కేబీఆర్ పార్కు లోపలుంది. రాజుగారి తోటకి ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డిగారి పేరు పెట్టారు. దాని చుట్టూ పొద్దున్నే నడిచేది మాజీ మంత్రులు, రిటైరైన అధికారులు, హీరోలు, షుగరున్న మామూలు మనుషులు. 'సింహాసనం' అని 1986లో తెలుగులో మొదటి 70 ఎంఎం సినిమా తీసిన కృష్ణగారికి, దుర్యోధనుడిగా కిరీటం పెట్టుకున్న సత్యనారాయణగారికి లక్షలమంది కన్నీళ్ళు పెట్టారు. నిజం కిరీటానికి వారసుడైనవాడికోసం పాతబస్తీ తప్ప ఊరు పెద్దగా కదల్లేదు. వాళ్ళ కిరీటాలు అట్టవే. వాటి కింద ఉన్నది మాత్రం మన చిన్నతనం కదా.

ఆ పార్కులోనే తరచూ చూస్తుంటాను. పాతకాలం నటుడెవరో నడుస్తూ కనబడితే మనవాళ్ళు ఆపి ఫోనుతో ఫొటో దిగుతారు. దిగాక, ఆయన నాలుగడుగులు వేయకముందే, "అయ్యో, ఎంత మారిపోయాడండీ" అంటారు. అన్నవాడి జుట్టుకీ రంగే ఉంటుంది.

ఈమధ్య కుర్రాళ్ళకీ ఈ జబ్బు అంటుకుంది. 2022లో మహేశ్‌బాబు పుట్టినరోజుకి 'పోకిరి' మళ్ళీ వేశారు. తర్వాత 'జల్సా', 'ఖుషి', వరసగా మొదలయ్యాయి. 2006 నాటి సినిమాకి ముప్ఫై ఏళ్ళవాడు పాతరోజులు తలుచుకుని ఏడుస్తుంటే నాకు నవ్వొచ్చింది. ముప్ఫైకే పాతరోజులు వచ్చేస్తే అరవైకి ఏం మిగుల్చుకుంటారయ్యా అనిపించింది. 2025 మే 9న 'జగదేకవీరుడు అతిలోకసుందరి' ముప్ఫై అయిదేళ్ళకి మళ్ళీ వచ్చింది. 1990లో అది తుపానులో విడుదలైన సినిమా. నీళ్ళలో నడిచి హాలుకి వెళ్ళిన సంగతి ఇప్పుడు తండ్రులు కొడుకులకి చెప్పారు. కొడుకులు విన్నట్టు తలూపి ఫోన్లో పాట రికార్డు చేసుకున్నారు. ఆ సినిమా హీరో చిరంజీవిగారికి ఆ ఆగస్టులో డెబ్భై నిండాయి, ఇంకా హీరోయే. మేం ఆరోజు 'వేటగాడు'ని అడిగినదే ఇప్పుడు వీళ్ళూ అడుగుతున్నారు.

నాగేశ్వరరావుగారి మాట సగంలో ఆపాను. ఆయనా దీనికి అతీతుడు కాదు. 1981లో 'ప్రేమాభిషేకం' ప్రేమికుడికి యాభై ఆరు దాటాయి. కానీ 1991లో 'సీతారామయ్యగారి మనవరాలు' చేశారు. తాత తాతగానే ఉన్నాడు, మనవరాలు మీనా మనవరాలిగానే ఉంది. జనం నెత్తిన పెట్టుకున్నారు. అంటే ముసలివాళ్ళని ముసలివాళ్ళుగా చూపిస్తే మనం చూడమని కాదు, చూపించే ధైర్యం అరుదుగా వచ్చింది. 2013 అక్టోబర్లో ఆయన విలేకరుల్ని పిలిచి తనకి క్యాన్సర్ అని తానే చెప్పారు. ఎవరో చెప్పి, ఎవరో దాచి, ఎవరో పుకారు పుట్టించే అవకాశం ఇవ్వలేదు. అప్పటికి 'మనం' నడుస్తోంది. మూడు తరాల అక్కినేనివాళ్ళు కలిసి చేసిన సినిమా. తన వంతు డబ్బింగు ఇంట్లోనే పూర్తిచేశారు. 2014 జనవరి 22న పోయారు, తాను కట్టిన స్టూడియోలోనే దహనం జరిగింది. మే 23న సినిమా వచ్చింది. అందులో ఆయన తొంభై ఏళ్ళ ముసలాయన. చిన్నప్పుడు పోయిన అమ్మానాన్నలు మళ్ళీ పుట్టి పడుచువాళ్ళుగా ఎదురుపడతారు. ఆ నాన్న వేషం నాగార్జునది. సొంత కొడుకులో తండ్రిని గుర్తుపట్టే ముసలాయనగా, వణికే గొంతుతో, ముడతలతో, ఆయన నటించారు. నేను చూసిన ఆటలో కాగితాలు ఎగరలేదు, ఈలలు మాత్రం పడ్డాయి. నా వెనక సీట్లో ఒక పెద్దావిడ పక్కనున్న ముసలాయన్ని మోచేత్తో పొడిచి, "చూశారా, ముసలాడైనా ఎంత బాగున్నాడో" అంది. ఆయన కాస్త ఉడుక్కున్నట్టే ఉన్నాడు.